పంతులు ఎట్లున్నడు?

ఘాలా, మస్కట్
7 జనవరి 1994, శుక్రవారం

చెల్లె సునీతకు నీ అన్న లింబాద్రి రాయునది.

ఇది అవ్వ పక్కన కూర్చుని గట్టిగా చదువు. అవ్వా, నీ కొడుకు బాగున్నాడు. వేళకు తింటున్నాను, డ్యూటీకి పోతున్నాను. ఒక మంచి మాట ముందే చెప్పేస్తాను, చివరి దాకా ఆగే ఓపిక నాకు లేదు. శ్లాబులకు చెక్కలు కొట్టే మా షటరింగ్ గ్యాంగులో ఇంటికి పోయే వరుస తేలింది. ఇక్కడ ఒకడు తిరిగి వస్తేనే ఇంకొకణ్ని పంపుతారు. నా టర్న్ మే నెలలో పడింది. రెండేళ్ల నాలుగు నెలల తర్వాత నీ ముఖం చూస్తానన్నమాట.

ఇక నవ్వుకునే ముచ్చట ఒకటి. శుక్రవారం పగటి అన్నం తిన్నాక మెస్సులో మా క్యాంప్ బాస్ వీడియో పెడతాడు. హిందీ సినిమాలు చూసి చూసి అందరికీ విసుగొచ్చిందని ఈసారి రువీ బజారు నుంచి ఒక చైనా సీరియల్ తెచ్చాడు. పాత రాజుల కథ, వారానికో క్యాసెట్. మాటలు చైనావి, కింద అరబ్బీ అక్షరాలు. మాకు రెండూ రావు. మా కంపెనీ బస్సు నడిపే దస్తగిర్‌ది కడప దిక్కు. చిన్నప్పుడు మదర్సాలో చదివినవాడు కాబట్టి తడుముకుంటూ చదివి చెప్తాడు.

కథలో హీరో ఒక సేనాధిపతి. ఊరికే గుర్రమెక్కి కత్తి తిప్పుతుంటాడు, అతన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు. అందరి కళ్లూ ఒక ముసలి పండితుని మీదే. క్యాసెట్టుకు పది నిమిషాలు కూడా కనపడడు. పేరు నోరు తిరగదు, మేం పంతులు అంటున్నాం. సన్న గడ్డం, రెండు పక్కలా రెక్కలున్న నల్ల టోపీ. రాజు తన మీద పొగడ్త రాయమంటే, "పొగిడేటి పని ఏం జేసినవని రాయాలె?" అన్నాడట. రాజు మండిపడి అతన్ని కాలువ తవ్వే కూలీల దగ్గరికి తోలేశాడు. అక్కడ ఒక్కో పాకలో పన్నెండు మంది. అది చూసి మా రూమ్‌లో ఉండే ఓబయ్య, "మన కంపెనీనే కదప్పా ఇది!" అన్నాడు. మెస్సంతా గొల్లున నవ్వింది.

అవ్వ కాళ్లకు దండాలు. కాకకు, చిన్నమ్మకు అడిగినట్టు చెప్పు.

నీ అన్న
లింబాద్రి


ఏర్గట్ల
29 జనవరి 1994

అన్నకు చెల్లె సునీత దండాలు.

నీ ఉత్తరం వచ్చేసరికి మన ఇంటి ముందు పందిట్లో ఎనిమిది మంది బీడీలు చేస్తున్నారు. అందరి ముందే చదివాను. మే నెల అనగానే అవ్వ చేతిలో కత్తెర ఆగిపోయింది. "మళ్ల చదువు" అంది. మూడుసార్లు చదివించుకుంది. ఆకులు చేటలోనే ఎండిపోయాయి, ఆ రోజు బీడీలు సగమే అయ్యాయి.

పంతులు రాజుకు చెప్పిన జవాబు విని అవ్వ కండ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. "గట్లనే అనాలె. రాజైతేంది?" అంది. పక్కింటి కమలవ్వకైతే ఆయన మీద ఎక్కడలేని జాలి పుట్టింది. "ముసలాయనకు పెండ్లాం పిల్లలు లేరా? గాడ అన్నం ఎవలు పెడుతున్నరు? మీ అన్నను అడుగు" అని నా వెంట పడింది. అడిగాను, జవాబు రాయి.

అవ్వకు కొంచెం ఆయాసంగా ఉంది. చలికాలం కదా.

నీ చెల్లె
సునీత


ఘాలా
18 ఫిబ్రవరి 1994

చెల్లెకు ఆశీర్వాదాలు, అవ్వకు దండాలు.

కమలవ్వకు చెప్పు, పంతులుకు కూలీలే అన్నం పెడుతున్నారు. ఊరికే కాదు, ఆయన వాళ్లకు ఉత్తరాలు రాసిపెడుతున్నాడు. కాలువ గట్టు మీద చాప వేసుకుని కూర్చుంటాడు, వరుసగా వచ్చి చెప్పుకుంటారు. పోయిన శుక్రవారం ఒక కూలీ వచ్చి, "మా బర్రె ఈనిందా?" అని ఒక్క మాట చెప్పి ఊరుకున్నాడు. పంతులు ఆ ఒక్క మాటే రాసి, మడిచి, చేతికిచ్చాడు. పక్కనున్నవాడు, "నాలుగు మంచి మాటలు నువ్వు కలపొచ్చు గదా" అన్నాడు. దానికి పంతులు ఏమన్నాడో తెలుసా? "కలిపితే అవి నా మాటలైతయి. ఇంటికాడ వాళ్లు వీని మాట కోసం చూస్తుంటరు."

దస్తగిర్ ఇది రెండుసార్లు చెప్పాడు. మా ముప్పై మందిలో సగం మందికి రాయడం రాదు, ఇంకొకరితో రాయిస్తారు. నాకు ఆ బాధ లేదు, అటు నువ్వు ఉన్నావు. అవ్వ అన్నది అన్నట్టే రాస్తున్నావని నాకు ధైర్యం.

ఆయాసం అన్నావు, చలి పోయేదాకా చూడకు. ఆర్మూర్ తీసుకుపోయి డాక్టరుకు చూపించు. ఉన్నదున్నట్టు రాయి.

లింబాద్రి


ఏర్గట్ల
10 మార్చి 1994

అన్నకు దండాలు.

అవ్వను డాక్టరుకు చూపించాం. టానిక్ రాశాడు. నిమ్మళంగా ఉంది, తింటున్నది. నువ్వు ఎత్తు మీద చెక్కలు కొట్టే మనిషివి, ఇక్కడి రంధి పెట్టుకోకు.

అవ్వకు ఇప్పుడు ఒకటే ధ్యాస. పోస్టుమాన్ సైకిల్ గంట వినపడితే చాలు, నీ ఉత్తరం విప్పకముందే "పంతులు ఎట్లున్నడు?" అంటున్నది. నీ క్షేమం ఆ తర్వాతే. నువ్వు ఈసారి కథ కొంచెం ఎక్కువ రాయి. రెండు పేజీలైనా సరిపోవడం లేదు మా వాడకట్టుకు.

సునీత


ఘాలా
8 ఏప్రిల్ 1994

అవ్వా, ఈ ఉత్తరం విని కోపం చేయకు. సునీతా, మెల్లగా చదువు.

ఓబయ్య భార్యకు కడుపులో గడ్డ అని తేలింది. ఆపరేషన్ మేలోనే చేయాలట. అతని టర్న్ డిసెంబర్‌లో ఉంది. మొన్న సైట్ మీద అందరూ చూస్తుండగా నా చేతులు పట్టుకున్నాడు. "నీ టర్నొకటి నాకియ్యప్పా. నేను పోకుంటే దాన్ని ఆసుపత్రికి తీసకపొయ్యేటోడు ల్యాడు" అని ఏడ్చాడు. వాడు నలభై ఏళ్ల మనిషి, చూడలేకపోయాను.

రెండు రోజులు నాకు అన్నం పోలేదు. సునీత ఉత్తరాలు మళ్లీ తీసి చదివాను. అవ్వ నిమ్మళంగా ఉంది. అడిగేది కూడా నన్ను కాదు, పంతుల్ని. నవ్వొచ్చింది. నాకంటే ఆ ముసలాయనే నీకు ఎక్కువయ్యాడు కదా అవ్వా! సీరియల్ కూడా సగమే అయింది. మేలో నేనొచ్చేస్తే మిగతా కథ నీకు చెప్పేదెవరు? అందుకే ఇచ్చేశాను. ఓబయ్య చేతికి టికెట్ కూడా వచ్చింది. నేను డిసెంబర్‌లో వస్తాను. మాట తప్పాననుకోకు. నాకూ మనసులో గుంజుతూనే ఉంది.

పంతులు బాగున్నాడు. క్యాంపులో జ్వరాలు వస్తున్నాయి, ఆయనే అందరికీ కషాయం కాచి ఇస్తున్నాడు.

నీ కొడుకు
లింబాద్రి


ఏర్గట్ల
27 ఏప్రిల్ 1994

అన్నకు దండాలు.

నీ ఉత్తరం ఐదు రోజుల కింద అందింది. అవ్వకు చదివాను. "మంచి పని జేసిండు. ఒక ఆడిదాని పాణం నిలవెట్టిండు" అన్నది. డిసెంబర్ ఎంత దూరంలే అన్నది.

ఎండలు ముదిరాయి. తునికాకు సరిగా ఇస్తలేరు. ఇంకేం రాయాలో తోచడం లేదన్నా. పంతులు ఎట్లున్నడని అవ్వ అడుగుతున్నది.

సునీత


ఘాలా
20 మే 1994

చెల్లెకు,

ఇందులో రెండు కాగితాలున్నాయి. మొదటిది అవ్వకు, కమలవ్వకు, పందిట్లో అందరికీ చదువు. రెండోది నీ ఒక్కదానికే.

(మొదటి కాగితం)

అవ్వా, పంతులు కాలువ క్యాంపు దాటి వెళ్లిపోయాడు! ఒక కూలీ గడ్డి పడవలో దాచిపెట్టి ఏరు దాటించాడు. టోపీ మాత్రం నీళ్లలో పడిపోయింది. బోడి తలతో గట్టెక్కి, వెనక్కి తిరిగి క్యాంపు దిక్కు దండం పెట్టాడు. ఇక ఎక్కడికి పోతాడో వచ్చే వారం చూడాలి.

(రెండో కాగితం)

సునీతా, పంతులు చచ్చిపోయాడు. పోయిన వారమే. జ్వరాలతో నలభై మంది కూలీలు పోయారు. వాళ్ల ఇండ్లకు, అందరూ బాగున్నారని ఉత్తరాలు రాయమని అధికారి పంతులుకు చెప్పాడు. ఆయన కుంచె కింద పెట్టేశాడు. కోటు గుంజుకుని మంచులో కూర్చోబెట్టారు. తెల్లారి చూస్తే కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. దస్తగిర్ చదవడం ఆపేశాడు. "చెప్పేదానికేముందప్పా, సూస్తాండారు గదా" అన్నాడు. క్యాంప్ బాస్ టీవీ బంద్ చేశాడు. చాయ్ చల్లారిపోయినా ఎవరూ ముట్టలేదు. వెయ్యేళ్ల కిందటి మనిషి కోసం, అదీ వేషం వేసినవాని కోసం ఇంత ఏడుపు ఏమిటని సిగ్గేసింది, కానీ ఆగలేదు.

ఇది అవ్వకు చెప్పకు. ఆయాసం మనిషి, ఆ పంతులు మీద ప్రాణం పెట్టుకుంది. నేను రాసిందే చదువు. అబద్ధమే, కానీ దీనివల్ల ఎవరికీ నష్టం లేదు. మిగతా కథ నేనే అల్లుతాను. డిసెంబర్‌లో వచ్చి పక్కన కూర్చుని మెల్లగా నిజం చెప్తాను.

లింబాద్రి


ఏర్గట్ల
9 జూన్ 1994
(పోస్టు చేయని ఉత్తరం)

అన్నా,

అవ్వ లేదు. మే ఇరవై నాలుగున పగటి పూట పోయింది. కాక కొడుకు తలకొరివి పెట్టాడు. పదకొండో దినం కూడా అయిపోయింది.

ఆ రోజే కాక అందరినీ కూర్చోబెట్టి, "లింబాద్రికి ఎవలూ రాయొద్దు. డిసెంబర్ల వస్తడు గదా, ఇంటికొచ్చినంక చెప్తం" అన్నాడు. గల్ఫ్‌కు పోయినవాళ్ల ఇండ్లలో అందరూ చేసేది ఇదే, నీకూ తెలుసు. తండ్రి పోయిన టెలిగ్రాం అందిన రోజే పైనుంచి పడ్డ మనిషి మన వాడలోనే ఉన్నాడు, ఇప్పటికీ మంచం దిగలేదు. కాకకు ఎదురు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

నిన్న నీ రెండు కాగితాలు అందాయి. అవ్వకు చదవమన్న కాగితం అవ్వ మంచం పక్కన కూర్చుని గట్టిగా చదివాను. ఖాళీ మంచానికి చదివాను అన్నా. కమలవ్వ వచ్చి నా నోరు మూసి బయటికి తీసుకుపోయింది.

నువ్వు కూడా ఇదే పని చేశావు కదా. దీనివల్ల ఎవరికీ నష్టం లేదన్నావు. ఆ మాట పట్టుకుని రేపు ఇంకో ఉత్తరం రాస్తాను. ఇది పెట్టెలో దాస్తున్నాను.


ఏర్గట్ల
10 జూన్ 1994

అన్నకు దండాలు.

అవ్వ బాగున్నది. పంతులు ఏరు దాటాడని విని సంతోషపడింది. రెండో కాగితం అవ్వకు చదవలేదు, నీ మాట నిలబెట్టాను. వానలు ఇంకా పడలేదు. నువ్వు ఎత్తు మీద పని చేసేటప్పుడు జాగ్రత్త.

సునీత


ఘాలా
8 జూలై 1994

అవ్వా, దండాలు. ఇక్కడ ఎండకు ఇనుప పైపులు ముట్టుకుంటే చెయ్యి కాలుతున్నది. పగలు పన్నెండు నుంచి మూడు దాకా పని ఆపుతున్నారు. ఆ మూడు గంటలూ నేను నీ పంతులు కథే ఆలోచిస్తుంటాను.

ఆయన ఇప్పుడొక కొండ కింద పల్లెకు చేరుకున్నాడు. అక్కడ ఒక ముసలామె ఆయనకు పాత గొడ్ల కొట్టం ఇచ్చింది. అందులో బడి పెట్టాడు. పెరట్లో ముల్లంగి వేశాడు. ముల్లంగి ఎట్లా వేయాలో తెలియక గింజలన్నీ ఒకే గుంటలో పోశాడట. ఆ ముసలామె వచ్చి, "ఇన్ని పుస్తకాలు చదివినవ్, గింతమాత్రం ఎరుక లేదా?" అని తిట్టిపోసింది. అచ్చం నీ తిట్టే అవ్వా. ఆమెను చూస్తే నాకు నువ్వే గుర్తొస్తావు. అప్పటి నుంచి ఆమె చెప్పినట్టే చేస్తున్నాడు. బాగా తిని కొంచెం ఒళ్లు కూడా చేశాడు.

ఇంకా ఐదు నెలలే. రోజూ టానిక్ తాగు.

నీ కొడుకు
లింబాద్రి


ఘాలా
26 ఆగస్టు 1994

సునీతా,

మన పక్క ఊరి గంగన్న కొత్త వీసా మీద మా క్యాంపుకు వచ్చాడు. మెస్సులో నన్ను చూసి, పళ్లెం పక్కన పెట్టి, నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "మీ అవ్వ పోయినంక చెల్లెను మీ కాక తన దగ్గరికి తీసుకున్నడట గద. మంచిగ జేసిండు" అన్నాడు. నాకు తెలిసే ఉంటుందనుకున్నాడు పాపం. నా ముఖం చూసి చేతులు వదిలేశాడు.

మే ఇరవై నాలుగట. మూడు నెలలు. నేను ముల్లంగి గింజల కథ అల్లుతున్ననాటికి అవ్వ పోయి నెలన్నర! చచ్చినవాణ్ని అవ్వ కోసం బతికించి, అవ్వ ఏడుస్తుందేమోనని కిందా మీదా పడి రాస్తుంటే, అక్కడ ఏడవడానికి అవ్వే లేదు. నన్ను పిచ్చోణ్ని చేశారు మీరందరూ. తలకొరివి పెట్టే రాత లేకపోతే లేకపోయె, ఒక్కనాడు పస్తుండే హక్కు కూడా లేదా నాకు? పోయిన వారం తల గొరిగించుకున్నాను. ఫోర్‌మన్ ఏమిటని అడగలేదు, మూడు రోజులు డ్యూటీకి పిలవలేదు.

ఓబయ్య తిరిగొచ్చాడు. అతని భార్య బతికింది. విషయం తెలిసి నా కాళ్ల మీద పడ్డాడు. ఆమె బతికిందంటే నాకు సంతోషం కాలేదు సునీతా. ఇట్లా రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ కాలేదు.

నీ మీద కోపం ఉంది. కాక మీద ఇంకా ఉంది. కానీ నీతో ఒక పని పడింది. నీ ఉత్తరాలన్నీ పరుపు కింద పెట్టుకున్నాను. వాటిలో అవ్వ మాటలు ఏవి, నీ మాటలు ఏవి? "ఒక ఆడిదాని పాణం నిలవెట్టిండు" అన్నది అవ్వేనా? ఆ మాట తలుచుకునే నేను ఇన్ని రోజులు ధైర్యంగా ఉన్నాను. నాకు అవ్వవి ఒక్క నాలుగు మాటలు మిగిలినా చాలు. గీత గీసి చెప్పు. ఈసారైనా ఉన్నదున్నట్టు రాయి.

లింబాద్రి


ఏర్గట్ల
18 సెప్టెంబర్ 1994

అన్నా,

కాకకు చెప్పకుండా రాస్తున్నాను. నువ్వు నన్ను తిట్టింది తక్కువే. ఇది చదివాక ఇంకా తిడతావు.

జనవరిలో నవ్వింది అవ్వే. "గట్లనే అనాలె, రాజైతేంది" అన్నదీ అవ్వే. ఆ రెండూ దాచుకో. మార్చి నుంచి పంతుల్ని అడిగింది మాత్రం అవ్వ కాదు. కమలవ్వ, పందిట్లో ఆడవాళ్లు, నేను. పంతులు మాట రాగానే అవ్వ చెయ్యి అడ్డం పెట్టేది. "ఆ ముసలాయన కథ మీరు మీరు చదువుకోండ్రి. వస్తున్నని రాసిన కాడ చదువు" అనేది. జవాబు రాయడానికి నేను కూర్చున్న ప్రతిసారీ ఒక్క మాటే చెప్పింది. "ఎప్పుడొస్తడు? తారీఖు అడుగు."

ఆ మాట నేను రాయలేదు. డాక్టరు టానిక్ మాట చెప్పలేదన్నా. గుండె ఉబ్బింది, మా చేతుల్లో లేదన్నాడు. తారీఖు అడిగితే నీకు అనుమానం వస్తుంది, పని మీద పరధ్యానం అవుతావు, ఎత్తు మీద కాలు జారుతుంది అని భయపడ్డాను. మేలో ఎట్లాగూ వస్తున్నావు, అప్పటిదాకా నడిపిస్తే చాలనుకున్నాను. అందుకే అవ్వ "ఎప్పుడొస్తడు" అన్నప్పుడల్లా నేను "పంతులు ఎట్లున్నడు" అని రాశాను. నువ్వు నవ్వుకుంటావనుకున్నాను. అది చూసి నీ టర్న్ ఇంకొకరికి ఇచ్చేస్తావని నేను కలలో కూడా అనుకోలేదు.

టర్న్ ఇచ్చేశానని నువ్వు రాసిన ఉత్తరం అందిన రోజు టెలిగ్రాం ఇద్దామని ఆర్మూర్ దాకా పోయాను. పోస్టాఫీసు మెట్ల మీద కూర్చున్నాను. ఓబయ్య చేతికి టికెట్ వచ్చేసిందని నువ్వే రాశావు. ఇప్పుడు చెప్తే అన్న అక్కడ తల బాదుకోవడం తప్ప ఏం చేస్తాడు అనుకున్నాను. తిరిగి వచ్చాను. చెప్పాల్సింది. ఇవ్వాళ కూడా ఆ మెట్లు గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ ఉత్తరం అవ్వకు చదవనే లేదు. ఆడదాని ప్రాణం మాట అవ్వది కాదు, నాది. నువ్వు రావడం డిసెంబర్‌కు పోయిందని అవ్వకు తెలియదు. మేలో వస్తావనే అనుకుంది.

మే పదో తారీఖు నుంచి రోజూ పగటి బస్సు వేళకు లేచి కూర్చుని తల దువ్వమనేది. "పోరడు వచ్చేసరికి జుట్టు ఇరబోసుకొని ఉంటనా?" అనేది. దువ్వి కొప్పు పెట్టేదాన్ని. బస్సు వచ్చి పోయిన చప్పుడు వినపడేదాకా కూర్చుని, ఆ తర్వాత పడుకునేది. ఇరవై నాలుగున కూర్చునే ఓపిక లేదు. అయినా దువ్వమంది. తల నా ఒడిలో పెట్టుకుని దువ్వుతున్నాను. కొప్పు ఇంకా పెట్టనే లేదు, అంతలోనే పోయింది.

సునీత